కొంగున కట్టిన ఊపిరి

నేను ఒక గాలి మిషన్ని. డాక్టర్లు సీప్యాప్ అంటారు. పిడుగురాళ్ల కోటేశ్వరమ్మ మాత్రం 'ఊదుడు పెట్టె' అనేది. ఆ పేరే నాకిష్టం. చూడ్డానికి టిఫిను డబ్బా అంత ఉంటాను. నాకో గొట్టం, దాని చివర ముక్కుకి తగిలించే మాస్కు. నిద్రలో గొంతు మూసుకుపోయే మనిషికి గాలి ఊది, అది మూసుకోకుండా చూడటం నా ఉద్యోగం. అంతకు మించి నాకేమీ చేతకాదు.

ఎక్కడో పరాయి దేశంలో నన్ను బిగించారు. గుంటూరులో మల్లికార్జునరావు గారని ఒక మిర్చి వ్యాపారి నన్ను కొత్తగా కొన్నారు. మూడు రోజులు పెట్టుకున్నారు. నాలుగో రోజు వాళ్ల మనవరాలు చూసి, "తాతయ్యా, ఏనుగులా ఉన్నావు" అని పకపకా నవ్వింది. అంతే, పెద్దమనిషికి రోషం పొడుచుకొచ్చింది. వీధి వీధంతా వినపడేలా గురక పెడితే పోని పరువు, గొట్టం తగిలిస్తే పోయిందట! నన్ను ఆసుపత్రికే తిప్పి పంపేశారు.

అక్కడికొచ్చాడు అంకారావు. సున్నం లోడు లారీ నడిపే డ్రైవరు. నలభై ఆరేళ్లు, భుజాల మీద తల పెట్టినట్టు మెడే కనిపించని మనిషి. గురక పోవడానికి పాపం చెయ్యని ప్రయత్నం లేదు. ముక్కులో నెయ్యి చుక్కలు వేసుకున్నాడు. మెడికల్ షాపువాడిచ్చిన పట్టీలు అంటించుకున్నాడు. వెల్లకిలా పడుకోకుండా ఉండాలని భార్య కోటేశ్వరమ్మ బనీను వీపుకి రబ్బరు బంతి కుట్టిపెడితే, ఆ బంతి మీదే హాయిగా పడుకుని గుర్రు కొట్టాడు. తాగుడు మానేశాడు, కాస్త నయమనిపించింది. నాలుగు కిలోలు తగ్గి ఆరు కిలోలు పెరిగాడు. పళ్ల డాక్టరు దవడకి క్లిప్పు పెడతానన్నాడు. గొంతు డాక్టరు టార్చి వేసి చూసి, ఆపరేషన్ చేసినా పూర్తిగా పోతుందని చెప్పలేనన్నాడు. చివరికి నిద్ర పరీక్ష చేయిస్తే, గంటకి నలభై ఎనిమిదిసార్లు ఊపిరి ఆగుతోందని తేలింది.

"ఇది ఉత్త గురక కాదయ్యా. ఇలాగే వదిలేస్తే స్టీరింగు మీదే నిద్రపోతావు" అన్నాడు డాక్టరు.

ఆ మాట కోటేశ్వరమ్మ గుండెల్లో దిగబడింది. ఎందుకంటే అంతకుముందు నెలలోనే అంకారావు పట్టపగలు లారీని తీసుకెళ్లి గడ్డివామిలో దూర్చాడు. గడ్డివామి కాబట్టి బతికాడు. ఆమె అక్కడికక్కడే నన్ను సంచిలో పెట్టించుకుంది.

మొదటి రోజు తెల్లారి లేచి, "ఒసేయ్, పొద్దున్నే లోకం ఇంత తేటగా ఉంటదా!" అన్నాడు అంకారావు. ఎంత సంతోషమేసిందో నాకు! ఏడు నెలలు ఒక్కరోజు మానలేదు. మానితే ఊరుకునేదా ఆవిడ? "ఏమయ్యా, మూతికి తగిలించావా లేదా?" అని వంటింట్లోంచే కేక. ఆదివారం ఆదివారం నా మాస్కు సబ్బుతో కడిగి, అతని చొక్కాల పక్కనే దండెం మీద ఆరేసేది.

కార్తీకంలో అంకారావు అయ్యప్ప మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజుల దీక్ష. చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భిక్ష, నేల మీద చాప. పడక కూడా ఇంట్లో కాదు, తోటి స్వాములతో పీఠం దగ్గర పందిట్లో. మాల పడ్డాక మొగుడు మొగుడు కాదు, స్వామి. భార్య కూడా చేతులు జోడించి స్వామీ అనాల్సిందే.

మాల వేసుకున్న రోజే నన్ను అట్టపెట్టెలో పెట్టి అటకెక్కించాడు.

"స్వామీ, అది కూడా తీసుకుపోండి స్వామీ" అంది కోటేశ్వరమ్మ, నెమ్మదిగా.

"దిండు కూడా వదిలేసినోడికి ముక్కుకి సుఖమేంది మాతా? స్వామియే శరణమయ్యప్ప" అన్నాడు.

సుఖమట! ఒరే అంకారావూ, నేను సుఖాన్ని కాదురా, మందుని! అని గొంతు చించుకుని అరవాలనిపించింది. నాకు గాలి ఉంది కానీ గొంతేదీ? ఆవిడకి గొంతుంది, కానీ స్వామి మాటకి ఎదురు చెప్పలేక దణ్ణం పెట్టి లోపలికెళ్లిపోయింది.

ముప్పై ఒకటో రోజు. మధ్యాహ్నం భిక్ష చేసి లోడుతో బయల్దేరాడు. రోడ్డు సూటిగా ఉంది, ఎదురుగా ఏ బండీ లేదు. లారీ తిన్నగా వెళ్లి కల్వర్టుని గుద్దింది. బ్రేకు వేసిన గుర్తు కూడా లేదన్నారు.

గురుస్వామి వచ్చి అరుగు మీద కూలబడి ఏడ్చాడు. "ఒక్కమాట నన్నడిగి ఉంటే చెప్పేవాణ్ణి కదమ్మా. డాక్టరిచ్చిన మందు మానమని దీక్షలో ఎక్కడుంది?" అన్నాడు. అటక మీద నేనూ విన్నాను. విని ఏం లాభం?

పెద్దకర్మ అయ్యాక కోటేశ్వరమ్మ నన్ను దింపి, దుమ్ము తుడిచి, ఆసుపత్రికి తీసుకొచ్చింది. అక్కడి టెక్నీషియను నాలోని కార్డు తీసి కంప్యూటర్లో పెట్టాడు. తెర మీద సన్నటి గీత, లేస్తూ దిగుతూ సాగిపోయింది.

"ఇదేంది నాయనా?"

"ఆయన ఊపిరమ్మా. గీత లేస్తే పీల్చినట్టు, దిగితే వదిలినట్టు. ఇది ఆఖరుగా వాడిన రోజుది."

ఆమె తెర మీద వేలు పెట్టింది. గీత లేచినచోట వేలు లేపి, దిగినచోట దించి, చివరిదాకా పోయింది. ఆ తర్వాత రోజులన్నీ ఖాళీ. అక్కడ వేలు ఆగిపోయింది.

"స్వామి అయ్యాడు గదా నాయనా, దణ్ణం పెట్టి ఊరుకున్నా. ఏమయ్యా అని పిలిచే రోజులైతే నెత్తిన మొట్టి పెట్టించేదాన్ని" అంది. కళ్లనీళ్లు కూడా తుడుచుకోలేదు.

లేచేముందు నా మీద చెయ్యి వేసి, "ఎవరికన్నా ఇయ్యి. మాల వేసుకుంటారేమో ముందే అడిగి, చెప్పాల్సింది చెప్పి ఇయ్యి" అంది. కార్డు మాత్రం అడిగి పుచ్చుకుంది. కొంగు చివర పెట్టి, ముడి మీద ముడి వేసింది.

నేనిప్పుడు అద్దాల బీరువాలో ఉన్నాను, కొత్త కార్డుతో, కొత్త ముక్కు కోసం. ఎవరైనా తలుపు తీసినప్పుడల్లా ఆవిడ వెళ్లిన గుమ్మం కనిపిస్తుంది. ఆ రోజు ఆ గుమ్మం దగ్గర ఆగి, కొంగుముడి గుప్పిట్లో పట్టుకుని, మెల్లగా అంది.

"ఏమయ్యా, పద ఇంటికి."