ఎడమ చెవి గాటు

ఆ ఉదయం మెల్‌బోర్న్ మీద మబ్బు తడిసిన ఉన్నిలా ముద్దకట్టి, కురవకుండా కదలకుండా ఉంది. క్లెమ్ ఒకసారి పైకి చూసి ఎలుకల గదిలోకి పోయాడు. ముప్పై ఏళ్లు విమ్మెరా పల్లెల్లో గొర్రెలు మేపినవాడు. కరువుకి మంద పోయాక ఈ పరిశోధనశాలలో ఎలుకల్ని చూసుకుంటున్నాడు.

వాటిలో సగం పరిశోధకురాలు సలోటెవి. ఆ టాంగా దీవుల పిల్ల తండ్రి కాలేయం జబ్బుతోనే పోయాడు. కాలేయంలో కావలి కణాలుంటాయనీ, కాలేయం రోజూ పంపే ఒక సంకేతం అందితేనే అవి నిలుస్తాయనీ, అందకపోతే వారంలో రాలిపోతాయనీ ఆమె అంటుంది. అది తేల్చడానికి ఆ సంకేతం పుట్టని ఎలుకల్ని మూడేళ్లు పెంచింది. ఆమె ఉద్యోగం గడువు ఇంకా ఆరు వారాలే ఉంది.

సలోటె తలుపు తోసుకుని వచ్చింది. "పెద్దాయనా, లెక్క తేలింది! సంకేతం లేనివాటిలోనూ సగం కణాలు బతికే ఉన్నాయి. వేరే దారేదో ఉందన్నమాట! రేపు పెద్దలకి చూపిస్తే నన్నిక్కణ్ణుంచి ఎవడు కదుపుతాడు?"

"నీ నోటికి భయపడే కదపరులే."

"నువ్వు మాట్లాడితే గదా, నేను మూసుకునేది! అమ్మ మనిద్దరికీ మాంసం చేమాకుల్లో చుట్టి వండి పొట్లాలు కట్టింది. అన్నట్టు, ఒక వింత. ఎడమ చెవి గాటువన్నీ మగవే, కుడివన్నీ ఆడవే."

క్లెమ్ చేతిలో నీళ్ల సీసా ఆగిపోయింది.

సంకేతం లేనివాటికి ఎడమ చెవి, మామూలువాటికి కుడి చెవి. ఏది ఏదో ఆమె చీటీ రాసే ఇచ్చింది. కానీ అంతకుముందు రెండు రోజులూ అతను తమ్ముడి దొడ్డిలో ఆరువందల గొర్రెపిల్లలకి చెవి గాట్లు పెట్టాడు. సోమవారం ఎలుకలకి గాట్లు పెట్టేటప్పుడు చీటీ కళ్ల ముందే ఉంది. చేతులు మాత్రం గొర్రెల పనే చేశాయి.

నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. మూడు బోనులకి నీళ్లు పెట్టాడు. నాలుగోదాని దగ్గర ఆగాడు.

"సలోటె. ఆ గాట్లు చీటీ ప్రకారం పెట్టలేదు."

"మరి?"

"గొర్రెపిల్లలకి పెట్టినట్టు పెట్టాను. మగదానికి ఎడమ, ఆడదానికి కుడి."

"పరాచికాలాడకు, పొద్దున్నే."

అతను చూపు తిప్పుకోలేదు. ఆమె మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"కలిసిపోయిన రెండు రకాల్నీ మళ్లీ పరీక్షించి విడదీయలేమా?" అన్నాడు.

"కాలేయాలన్నీ గుంపుకో గొట్టంలో కలిపేశాను. కళేబరాలు నిన్ననే కాల్చేశారు."

"ఇంకో ఈత?"

"ఐదు నెలలు పడుతుంది." గోడకి ఆనుకుంది. "చెప్పకుండా ఉండాల్సింది పెద్దాయనా."

"ఉండాల్సిందేమో."

ఆమె చేతిలోని లెక్కల కాగితం చూసుకుంది. జేబులోంచి కలం తీసి అంకెలన్నిటి మీదా అడ్డంగా ఒక గీత గీసింది.

మధ్యాహ్నం వంటగదిలో బల్లకి ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె పొట్లాలు విప్పి ఒకటి అతని వైపు జరిపింది. చల్లారిన చేమాకు అంచున కొబ్బరిపాలు తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. ఇద్దరూ ఆకుతో సహా తిన్నారు.