అన్నయ్య వేరన్న మొక్క

అన్న పోయిన ఇరవయ్యో రోజున ఆమె మళ్లీ ల్యాబ్‌కి వెళ్లింది. పలకరించిన వాళ్లందరికీ "బానే ఉన్నాను" అనే చెప్పింది. బాగుందో లేదో నిజానికి ఆమెకే తెలియదు. తిమ్మిరెక్కిన చేతిని గిల్లినట్టు, ఏ మాటా లోపలికి దిగడం లేదు.

అన్న పెద్దగా చదువుకోలేదు. కొండలెక్కి మొక్కలు సేకరించి ల్యాబ్‌లకి ఇవ్వడం అతని పని. పద్దెనిమిదేళ్ల కిందట, ఆమె ఇంకా పరిశోధన విద్యార్థిగా ఉన్నప్పుడు, అచ్చు గుద్దినట్టుండే రెండు మొక్కలు తెచ్చాడు. ఒకటి కొండకి ఇటువైపుది, ఒకటి అటువైపుది.

"ఇవి అక్కాచెల్లెళ్లు కావే. ఆకు నలిపి చూడు, వాసనే వేరు," అన్నాడు.

"వాసనతో వంశవృక్షం గియ్యలేం అన్నయ్యా," అని నవ్వేసింది.

ఆకుల్లోని హరితరేణువులకి సొంత డీఎన్‌ఏ ఉంటుంది. తరతరాలుగా నకలవుతూ వచ్చేటప్పుడు దాంట్లో కొన్ని అక్షరాలు జారిపోతాయి, కొన్ని కొత్తగా వచ్చి చేరతాయి. ఒకే చోట ఒకేలాంటి లోటు రెండు మొక్కల్లో కనిపిస్తే, అది ఉమ్మడి పూర్వీకుల నుంచి వచ్చిందనుకోవడం పరిపాటి. ఈ రెండింటిలోనూ ఒకచోట ఇరవై ఒక్క అక్షరాలు లేవు. అప్పట్లో ఆమె ఆ ఖాళీ ఎంత పొడవుందో మాత్రమే కొలిచింది. రెండింటిలోనూ ఒకటే వచ్చింది. అక్కాచెల్లెళ్లేనని రాసిన ఆ వ్యాసమే ఆమెకి ఉద్యోగం తెచ్చిపెట్టింది. చివర కృతజ్ఞతల్లో అన్న పేరు ఒక మూల ఉంది.

ఇప్పుడు ఆ మొక్కల డీఎన్‌ఏని మొదటి నుంచి చివరి దాకా చదివారు. ల్యాబ్‌లో లెక్కలాయన అని అందరూ పిలిచే పెద్దాయన ఆమెని తెర దగ్గరికి పిలిచాడు.

"మామూలుగా ఈ ఖాళీలు తీసేసి లెక్క కడతాం కదమ్మా. ఈసారి ఉంచాను. తీసేసి ఉంటే హాయిగా రిటైరయ్యేవాణ్ణి."

ఒక మొక్కలోని ఖాళీ రెండో దానికంటే ఏడక్షరాల ముందు మొదలై, ఏడక్షరాల ముందే ముగిసింది. పొడవు ఒకటే, అంచులు వేరు.

"దొంగ ఒకడు కాదు, ఇద్దరు. మూటల బరువు ఒకటైంది, అంతే," అన్నాడాయన. అటువైపు మొక్కలో కొత్తగా చేరిన అక్షరాలు నాలుగు చోట్ల ఇంకో జాతితో కలుస్తున్నాయని కూడా చూపించాడు.

సిగ్గుపడాలని ఆమెకి తెలుసు. సిగ్గు రాలేదు. బ్యాగు తీసుకుని వదిన ఇంటికి వెళ్లింది.

వదిన అన్న చొక్కాలు మడతపెట్టి పెట్టెలో సర్దుతోంది.

"వదినా, అన్నయ్య చెప్పిందే నిజం. ఆ మొక్కలు వేరు."

"ఆయనకి తెలుసు కదమ్మా. నీకే ఆలస్యమైంది."

"అప్పుడు కోపమొచ్చిందా?"

"రెండ్రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు మళ్లీ కొండెక్కాడు, నీకింకా కావాల్సొస్తాయేమోనని. ఏటా వెళ్లాడు. నువ్వు అడగలేదు, ఆయన ఇవ్వలేదు."

అటక మీద పాత పేపర్ల మధ్య అణిచిపెట్టిన మొక్కలున్నాయి. ప్రతి దాని మీదా తేదీ, కొండకి ఏ వైపో అన్న చేతిరాతలో ఉంది. వాటన్నిటినీ ల్యాబ్‌కి తీసుకెళ్లి ఒక్కొక్కటే పరీక్షించింది. ఏ ఏటిదైనా జవాబు మారలేదు.

"ఇప్పుడు తవ్వుకోవడం అవసరమా?" అని డైరెక్టరు గొణిగాడు. "తప్పు నాదే కదండీ," అని పత్రికకి సవరణ రాసి పంపింది. ఐదు నెలలకి అచ్చయింది. రచయితల్లో అన్న పేరు మొదట ఉంది.

ఆ కాగితం తెచ్చి వదినకిచ్చింది. వదిన ఆ పేరు మీద వేలు పెట్టి, "ఈయన ఏం చేశాడని రాశావు?" అని అడిగింది.

"మొక్కలు సేకరించాడు, తేడా కనిపెట్టాడు అని."

"సరే," అని వదిన కాగితాన్ని బీరువాలో పెట్టి, కూరగాయలు ముందేసుకుంది. ఆమె కూడా ఇంకో కత్తి తీసుకుని పక్కన కూర్చుంది. ఏడుపొస్తే బాగుండుననుకుంది. ఆ రోజు కూడా రాలేదు.