పోలికకు తీసిన రక్తం

కాగితం చూడగానే జ్ఞానప్రసూనకు ఒళ్ళు మండింది. ఒక కణానికి కాదు, ఇరవై కణాలకీ ఇరవైసార్లు నలభై అయిదు అని రాసి పెట్టింది గ్లాడిస్. పైగా గుండ్రటి అక్షరాలతో, కింద గీత కూడా కొట్టి.

"గ్లాడిస్, ఇది కంట్రోల్ స్లైడు. రోగిది కాదు. జవాబు ముందే తెలిసిన లెక్క కాబట్టే నేర్చుకోమని నీకిచ్చాను. మనిషి కణంలో క్రోమోజోములు నలభై ఆరు. తల్లి నుంచి ఇరవై మూడు, తండ్రి నుంచి ఇరవై మూడు. ఇంతకన్నా సులువుగా చెప్పడం నా వల్ల కాదు."

"తెలుసు మిసెస్ రావ్," అంది గ్లాడిస్. "అందుకే రెండుసార్లు లెక్కపెట్టాను."

ప్రసూన ఎర్ర కలం తీసి కాగితం మీద అడ్డంగా 'తప్పు' అని రాసి సంతకం పెట్టింది. గ్లాడిస్ ఆ కాగితాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

డర్బన్‌లోని ఆ ఆసుపత్రి ల్యాబులో గ్లాడిస్ పన్నెండేళ్లు గాజుసామాను కడిగింది. నల్లవాళ్లకూ మొదటిసారి ఓటొచ్చిన ఎన్నికలై రెండేళ్లు గడిచాక, కడిగే చేతులకు మైక్రోస్కోపు కూడా అందాలని పైవాళ్లకు తోచి ఆమెను ప్రసూన దగ్గర శిక్షణకు పెట్టారు. కిందటేడు హైదరాబాదు నుంచి వచ్చిన ప్రసూనకు అందులో అభ్యంతరం లేదు, పైకి. లోపల మాత్రం కడిగే మనిషి కడిగే మనిషే. ఆవిడ ఈ సంగతి చచ్చినా ఒప్పుకోదు కాబట్టి మనమే చెప్పుకోవాలి.

ఆ ల్యాబులో కంట్రోల్ గురించి ఒక కట్టుబాటు ఉంది. దాన్ని హైదరాబాదు నుంచి మోసుకొచ్చి ఇక్కడ పెట్టింది ప్రసూనే. రోగి రక్తాన్ని మూడు రోజులు వెచ్చటి పెట్టెలో పెంచేటప్పుడు, పక్కన ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం కూడా పెంచుతారు, మందులూ వేడీ సరిగ్గా పనిచేశాయా లేదా అని పోల్చి చూడడానికి. రోగి ఆడమనిషైతే పోలికకు మగవాడి రక్తం, రోగి మగవాడైతే ఆడమనిషి రక్తం. ట్యూబులు ఎక్కడైనా తారుమారైతే మగవాడి వై క్రోమోజోము ఇట్టే పట్టిస్తుంది. కట్టుబాటు బంగారంలాంటిదే. కాని ప్రసూన బల్ల మీదికి వచ్చేవన్నీ గర్భం నిలవని కేసులు. వాటికి పరీక్షకొచ్చేది ఆడవాళ్లే. మొగుళ్లు వస్తే గిస్తే గేటు దగ్గర సిగరెట్టు కాలుస్తూ నిలబడేవారు. కాబట్టి పదకొండేళ్లుగా కంట్రోల్ ఎప్పుడూ మగరక్తమే. హైదరాబాదులో ప్యూనుది, ఇక్కడ డ్రైవరు ట్రెవర్‌ది.

పోయినవారం మొదటిసారి ఒక మొగుడు వచ్చాడు. పేరు రాజెన్, ఊరు సీ కౌ లేక్, చెరకు కోతకని వచ్చిన తెలుగువాళ్ల మునిమనవడు. భార్య డాలీకి రెండు కడుపులు మధ్యలోనే పోయాయి. డాలీ రక్తం కిందటినెలలో చూశారు, నలభై ఆరే ఉన్నాయి. అతనే చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, "అక్కా, ఎవ్రీ టైమ్ డాలీకే సూది పొడుస్తారు. నాది కూడా తియ్యి," అన్నాడు.

ప్రసూనకు ముచ్చటేసింది. ఆ ముచ్చటలోనే, పోలికకు ఆడరక్తం కావాలి కదా అని గుర్తొచ్చి, తన చెయ్యి గ్లాడిస్ ముందుకు చాపి, "నాది తీసెయ్," అంది.

అంటే ఇప్పుడు గ్లాడిస్ లెక్కపెట్టిన స్లైడు ప్రసూనదే. ఆ మాట ప్రసూనకు ఎర్ర కలం మూత పెడుతుంటే గుర్తొచ్చింది. నవ్వొచ్చింది కూడా. నన్నే ఒకటి తక్కువ మనిషిని చేసింది, అనుకుని, చూపించి బుద్ధి చెబుదామని మైక్రోస్కోపు ముందు కూర్చుంది.

మొదటి కణం దొరికింది. బాగా విడివిడిగా పరుచుకున్న క్రోమోజోములు, ఒకదాని మీద ఒకటి పడలేదు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. నలభై అయిదు. ఒక్కోసారి ఒకటి జారిపోవడం మామూలే, దానికేం. రెండో కణం, నలభై అయిదు. మూడోది చూసేటప్పటికి పెదాలు ఆగిపోయాయి. నాలుగోది, అయిదోది, తొమ్మిదోది. గ్లాడిస్ పక్కన నిలబడి స్లైడులు తుడుస్తోంది. ఏదైనా అని ఉంటే బాగుండేది, అరవడానికి ఒక వంక దొరికేది.

"ట్యూబులు మార్చేశావు," అంది ప్రసూన చివరికి.

"ఆ రోజు ఉన్నవి రెండే ట్యూబులు. అతనిదీ, మీదీ. ఇందులో వై లేదు చూడండి," అంది గ్లాడిస్ మెల్లగా. "మీ రక్తం నేనే తీశాను మిసెస్ రావ్. అందుకే రెండోసారి లెక్కపెట్టాను."

ప్రసూన లేచి చీకటిగదిలోకి వెళ్లి ఆ కణం ఫొటో తనే తీసి, తనే కడిగి, ఆరబెట్టి, కత్తెర పట్టుకుని కూర్చుంది. ఒక్కో క్రోమోజోమునీ కత్తిరించి, జతలు చేసి, అట్ట మీద పేర్చాలి. పదకొండేళ్లుగా రోజూ చేసే పని. పెద్దవి జతపడ్డాయి. రెండు ఎక్స్‌లూ పక్కపక్కన కూర్చున్నాయి. పద్నాలుగోది ఒంటరిగా మిగిలింది. ఇరవై ఒకటోది కూడా ఒంటరిగానే మిగిలింది. చేతిలో ఇంకా ఒక ముక్క ఉంది, ఏ జతలోకీ రాదు. వాటి తోడువి రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయి ఒకే ముక్కయి కూర్చున్నాయి.

ఇలాంటి అట్టలు ఇదివరకు ఏడు పేర్చింది ప్రసూన. ఏడుగురికీ కంఠతా వచ్చిన అవే వాక్యాలు అప్పచెప్పింది. మనిషికి ఏ లోటూ ఉండదు, సరుకంతా ఉంది, సర్దుబాటే వేరు. బిడ్డకు పంచేటప్పుడే చిక్కు. కొన్నిసార్లు సరిగా పంచుతుంది, కొన్నిసార్లు ఒకటి ఎక్కువో తక్కువో పోతుంది. అలాంటివి చాలామటుకు మూడోనెలలో పోతాయి, ఒక్కోటి నిలిచి బుద్ధిమాంద్యంతో పుడుతుంది. ఆ వాక్యాలు ఇప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు. చెయ్యి మాత్రం తనంతట తను పొట్ట మీదికి వెళ్లింది.

ఎందుకంటే లోపల బిడ్డ ఉంది. తొమ్మిది వారాలు. మొగుడికి తప్ప ఎవరికీ తెలియదు. దీనికి ముందు మూడు పోయాయి, మూడూ మూడోనెలలోనే. ఈసారి నిలుస్తుందని ఆవిడ పూర్తిగా నమ్మింది. తప్పు ఎక్కడుందో ఎప్పుడో కనిపెట్టి దాన్ని ఏరి పారేశానని ఆవిడ ధీమా.

ఆ తప్పు వేణుగోపాలరావుదని తేల్చింది. ఆయన హైదరాబాదులో రంగుల ఫ్యాక్టరీలో కెమిస్టు. ఆ పనంటే ఆయనకు ప్రాణం, గోళ్లలో నీలంరంగు పోయేది కాదు. రెండో గర్భం పోయినప్పుడు, "మీ రంగులే నా పిల్లల్ని తినేశాయి," అంది ప్రసూన. ఆయన ఆ నెలే రాజీనామా ఇచ్చాడు. మూడోది కూడా పోయింది. "ఆ విషం రక్తంలో ఏళ్ల తరబడి ఉంటుంది," అని, దగ్గరికి రావాలంటే రెండుసార్లు స్నానం చేసి రమ్మంది. ఎదురు చెప్పలేదు మహానుభావుడు. ఆరేళ్లుగా బళ్లో సైన్సు పాఠాలు చెబుతున్నాడు, ఈ దేశం వచ్చినా అదే పని. తన రక్తం చూసుకోవాలని ఆవిడకు ఒక్కనాడూ తోచలేదు. చూసేదాన్ని నేను కదా, నన్ను చూడడమేమిటి?

రెండు గంటలకు రాజెన్, డాలీ ఫలితం కోసం వచ్చారు. ప్రసూన మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది.

"అక్కా, స్ట్రేట్ చెప్పు," అన్నాడు రాజెన్. "తప్పు నాదేనా?"

"నీకూ నలభై ఆరే. మీ ఇద్దరిలో ఏ తేడా లేదు."

అతని మొహం వాడిపోయింది. సంతోషపడతాడనుకున్న ప్రసూన తెల్లబోయింది. "కొంచెం నాది ఉంటే బాగుండు," అన్నాడు. "మా అమ్మ రెండేళ్లుగా డాలీనే తిడతది, నీ ఒళ్ళే బాలేదు అని. అందుకే సూది తీసుకున్నా. నాలో ఏదైనా ఉంటే తిట్లు సగం నాకి వస్తయి కదా."

"పిచ్చోడు అక్కా," అంది డాలీ, కళ్లు తుడుచుకుంటూ నవ్వి. "బిడ్డ ఆగతదా మాకి?"

"ఆగొచ్చు. డాక్టరు చెబుతారు," అంది ప్రసూన. వాళ్లు వెళ్లాక కూడా ఆ కుర్చీలోంచి లేవలేకపోయింది. సగం తిట్ల కోసం చెయ్యి చాపినవాడు ఒకడు. మొత్తం నింద మోయించి, మోసేవాణ్ని రెండుసార్లు స్నానం చేసి రమ్మన్నది తను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది ఆవిడకు.

నాలుగింటికి వేణుగోపాలరావు కారు తెచ్చాడు, ఎప్పట్లాగే. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇంటికి పావుగంట దారి. ఉమ్గేని నది దగ్గరికి రాగానే ప్రసూన సంచి ఒళ్లోకి తీసుకుంది.

"కారు పక్కకి తీయండి," అంది.

తీశాడు. ఆవిడ సంచిలోంచి అట్ట తీసి ఆయన ఒళ్లో పెట్టింది. "అది నేనేనండీ. నలభై అయిదు. మీ రంగులు కావు. ఎప్పుడూ కావు."

ఆయన అట్ట మీద జతలన్నీ వేలితో లెక్కపెట్టాడు. సైన్సు మాస్టారు, వివరించి చెప్పక్కర్లేదు. "ఆరేళ్లు," అన్నాడు. ఆ ఒక్కమాటే. తలుపు తీసుకుని దిగి, నది వైపు తిరిగి నిలబడ్డాడు. పక్కనుంచి లారీలు పోతున్నాయి. ప్రసూన ఆయన వీపు చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండును, అలా వెళ్లిపోయినా తప్పులేదు అనుకుంది.

చాలాసేపటికి వచ్చి కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అట్ట ఇంకా చేతిలోనే ఉంది, అంచు నలిగిపోయింది.

"కోపం పోలేదు, ప్రసూనా. ఎప్పుడు పోతుందో తెలియదు," అన్నాడు. తరవాత, గొంతు తగ్గించి, "మరి బిడ్డకి ఎన్ని?" అని అడిగాడు.

ఆవిడకు ఏడుపు ఆగలేదు. "తెలియదండీ. సరిగ్గా వచ్చి ఉండొచ్చు, రాకపోయీ ఉండొచ్చు. నిలిస్తే, ఇంకో ఏడు వారాలకి ఉమ్మనీరు తీసి చూడొచ్చు. అందులోనూ కొంచెం భయం ఉంది."

"చూద్దాం. నువ్వు మాత్రం చూడకు. నీ చెయ్యి వణుకుతుంది. ఎవరు లెక్కపెడతారు?"

ప్రసూన కొంగుతో మొహం తుడుచుకుంది. కోటు జేబులోకి మడిచి పెట్టుకున్న ఆ కాగితం గుర్తొచ్చింది. రేపు పొద్దున్నే అడిగి తీసుకుని, ఆ ఎర్ర 'తప్పు' కొట్టేసి, దిద్ది ఇవ్వాలి. మన్నించమని కూడా అడగాలి.

"గ్లాడిస్," అంది. "ఆవిడ లెక్క తప్పదు."