బొప్పాయి గింజ చుట్టూ వలయం

పిన్నిది జ్యూస్ కొట్టు. అక్కడ పారేయాల్సిన బొప్పాయి గింజలు ఆరు నెలలుగా ఆవిడ అక్క కూతురి ల్యాబ్‌కి చేరుతున్నాయి. ఆ పిల్ల వాటిని ఎండబెట్టి, పొడి కొట్టి, ఆల్కహాల్‌లో నానబెట్టి సారం తీస్తుంది. ఆ సారంలో ముంచిన కాగితపు బిళ్ళను బ్యాక్టీరియా పెంచిన గాజు పళ్ళెంలో పెడుతుంది. బ్యాక్టీరియా చస్తే బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం కనిపించాలి. ఇంతవరకూ ఒక్కటీ చచ్చిన పాపాన పోలేదు. "ఈసారీ రాకపోతే గింజలు కట్టిపెట్టి వేరే పని చూసుకో," అని గైడ్ మేడమ్ తేల్చి చెప్పేసింది. దాంతో ఆ పిల్ల పంతం పట్టి సారాన్ని రెట్టింపు చిక్కగా తీసింది.

శనివారం పొద్దున పళ్ళెం తీసి చూస్తే, కోటు గుండీ అంత వలయం! ఆగలేక పిన్నికి ఫోన్ కొట్టింది.

"చచ్చాయి పిన్నీ! గుండీ అంత మేర ఒక్కటీ మిగల్లేదు!"

"చావవూ మరి! గింజలెవరివనుకున్నావ్?" అని పిన్ని కొట్లో అందరికీ వినపడేలా అరిచింది.

ఫోన్ పెట్టేశాక ఆ పిల్ల రెండో పళ్ళెం చూసింది. అందులోని బిళ్ళ గింజ మొహమే ఎరగదు, పోల్చి చూడ్డానికి ఉత్త ఆల్కహాల్‌లో ముంచింది. దాని చుట్టూ కూడా అంతే వలయం. బిళ్ళలు బాగా ఆరాకే పెట్టాలి. ఇంటికెళ్ళే తొందరలో తడితడిగానే పెట్టేసింది. చంపింది ఆల్కహాల్, పేరేమో గింజలకి.

రెండో పళ్ళెం కడిగేస్తే అడిగే నాథుడు లేడు. సింకు దాకా వెళ్ళి కుళాయి కూడా తిప్పింది. సిగ్గేసింది. కుళాయి కట్టేసి, పళ్ళేలు రెండూ పట్టుకెళ్ళి మేడమ్ బల్ల మీద పెట్టింది.

"ఆరబెట్టలేదా?"

"లేదండీ."

"ఒక్కటే చూపిస్తే నమ్మేదాన్నిగా?"

"నమ్మేవారండీ."

మేడమ్ కాసేపు కళ్ళజోడు తుడుచుకుంది. "సోమవారం దాకా టైమిస్తున్నా. ఈసారన్నా ఆరబెట్టి చావు!"

సోమవారం పిన్ని కొట్టు మూసి మరీ ల్యాబ్‌కి దిగింది. ఉత్త ఆల్కహాల్ బిళ్ళ చుట్టూ ఏమీ లేదు. గింజ బిళ్ళ చుట్టూ మాత్రం సన్నటి వలయం. కళ్ళు చికిలించి చూస్తే గానీ కనపడదు.

"ఇంతేనా? మొన్న గుండీ అంత అన్నావుగా!" పిన్ని మొహం ముడుచుకుంది.

"మొన్నటిది మనది కాదు పిన్నీ." ఏడుస్తోందో నవ్వుతోందో ఆ పిల్లకే తెలీలేదు. "ఇది మనదే."