చెమట గదిలో తెల్లపూత

"బూజొచ్చింది!" ఎరువు మగ్గబెట్టే చెమట గదిలోంచి ఫీన్ సంతోషంగా కేక పెట్టింది. ఫ్యాన్ల హోరులో అత్తగారు నెల్‌కి అది "బూచొచ్చింది" అని వినపడింది. శనివారం కదా, వీధి గుమ్మం ముందు సబ్బునీళ్ళతో రాళ్ళు తోముతున్న ఆవిడ చీపురు పైకెత్తి, "ఏడీ, ఎక్కడ వాడు?" అంది.

"బూచి కాదత్తయ్యా, బూజు! ఎరువంతా తెల్లగా పూసింది!"

నెల్ ముఖం పాలిపోయింది. బూచైతే చీపురు చాలు. బూజంటే పరువు సంగతి. "మధ్యాహ్నం మా హూబ్ యాభయ్యో పుట్టినరోజుకి చుట్టాలొస్తుంటే కొంపలో బూజా! ఒరే హూబ్, నీళ్ళ గొట్టం పట్రా!"

ఫీన్ మొగుడు హూబ్ గది తలుపు సందులోంచి తొంగిచూశాడు. "ఛీ, పాడైపోయింది. అమ్మ చెప్పినట్టు కడిగిపారెయ్."

ఫీన్ తలుపు మూసి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది.

నీళ్ళు పడితే ఈ పంట పోయినట్టే. కానీ ఆమెని కుదిపింది అదొక్కటే కాదు. పుట్టగొడుగులు మొలిపించడానికి గడ్డీ గుర్రపు పేడా కలిపిన ఎరువు ఆ గదిలోనే మగ్గుతుంది. ఇరవైరెండేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆ ఆవిరిలో దూరి, గుప్పెడు తీసి వాసన చూసేది తనే. "నీకు ముక్కొక్కటేగా పెద్దది, పోయి చూసిరా," అనేవాడు హూబ్. కళ్ళు మండుతూ, జుట్టు కంపు కొడుతూ వస్తే, "అటు తిరిగి పడుకో," అనేవాడు. రైతుల సంఘంలో మాత్రం, "నా ముక్కు తప్పిందెప్పుడు?" అనేవాడు. వాసన ఆమెకి, వాసి అతనికి. పోనీలే, ఇద్దరిదీ ఒకటే ముక్కు అనుకుంది ఇన్నాళ్ళూ. ఆ ముక్కుగల మొనగాడికి తెల్లపూతంటే ఏమిటో తెలియదా?

మధ్యాహ్నం చుట్టాలు అలవాటు ప్రకారం గోడల వెంట గుండ్రంగా కుర్చీలేసుకుని కూర్చున్నారు, అందరి ఒళ్ళోనూ చెర్రీపళ్ళ వ్లాయ్ కేకు ముక్కలు. ఫీన్ కాఫీ పోస్తూ తిరుగుతోంది. పుట్టగొడుగుల విత్తనం అమ్మే టోన్ అడిగాడు. "హూబ్, తెల్లపూత వచ్చిందా? సోమవారం విత్తనం తేనా?"

"విత్తనమా! అంతా బూజుపట్టి ఏడిస్తే. కడుగుదామంటే ఈవిడ తాళంచెవి ఇవ్వదు."

టోన్ చేతిలో ఫోర్కు గాల్లో ఆగింది. "కడగడమా? హూబ్, ఈ మాట అంటున్నది నువ్వేనా?"

ఫీన్ కాఫీ కూజా మొగుడి చేతిలో పెట్టింది. "మిగతావాళ్ళకి నువ్వు పొయ్యి." అతను లేచిన కుర్చీలో తను కూర్చుంది.

"అత్తయ్యా, అది కుళ్ళు కాదు. మనం తాళలేని వేడిలో హాయిగా పెరిగే బూజు. ఎరువులో కళ్ళు మండించే ఘాటుని తినేస్తుంది. తర్వాత తనే మన పుట్టగొడుగులకి తిండవుతుంది. ఘాటు పోయి తెల్లగా పూసిందంటే విత్తనం చల్లొచ్చని లెక్క. సోమవారం తెచ్చెయ్ టోన్, నేను తలుపు తీస్తాను."

"నాకెవరూ చెప్పలేదే అమ్మాయ్," అంది నెల్ చిన్నగా.

"నీ తప్పేముంది అత్తయ్యా. నువ్వెప్పుడూ ఆ గదిలోకి రాలేదు." ఫీన్ కూజా పట్టుకుని నిలబడ్డ మొగుడి వైపు చూసింది. "హూబ్ కూడా రాలేదు."