సగమైన అంకె

రిపోర్టులో అంతా సవ్యంగానే ఉంది. ల్యాబ్ డాక్టరుకు నచ్చనిది అదే.

రక్తం ఆమె అక్క భర్తది. నిద్రలో మాటిమాటికీ లేచి బాత్రూముకు పరిగెత్తుతున్నాడని అక్క వెంటపడి పరీక్షలకు పంపింది. స్కానింగులో ప్రొస్టేట్ గ్రంథి ఉబ్బి కనిపించింది. ఆ గ్రంథి రక్తంలోకి వదిలే ప్రొటీన్, పీఎస్‌ఏ, 3.8 వచ్చింది. నాలుగు దాటితే క్యాన్సరేమోనని అనుమానించాలి, దాటలేదు. ఇది వయసుతో వచ్చే మామూలు వాపేనని యూరాలజీ డాక్టరు తేల్చేశాడు. బావ అప్పట్నుంచీ గాల్లో తేలుతున్నాడు.

కానీ రిపోర్టులో రెండో వరుస ఒకటుంది. ఈ పీఎస్‌ఏ రక్తంలో కొంత ఒంటరిగా, కొంత వేరే ప్రొటీన్లను పట్టుకుని తిరుగుతుంది. మామూలు వాపైతే ఒంటరిది ఎక్కువగా ఉంటుంది. క్యాన్సరైతే తగ్గుతుంది. బావ రక్తంలో అది తొమ్మిది శాతమే ఉంది. పాతిక ఉంటే ఆమె హాయిగా ఊపిరి పీల్చుకునేది.

ఆమె యూరాలజీ డాక్టరుకు ఫోన్ చేసింది. అతను ఓపిగ్గానే విన్నాడు. మొత్తం అంకె ఇంత తక్కువగా ఉన్నప్పుడు ఆ శాతం ఒక్కదాన్ని పట్టుకుని ముక్క తీయడానికి మనిషికి సూదులు గుచ్చలేనన్నాడు. పోయినేడాది కూడా 3.7 ఉందని, పెరగనిదాని కోసం కంగారెందుకని, ఆర్నెల్ల తర్వాత మళ్లీ చూద్దామని అన్నాడు. మందులేమైనా వాడుతున్నాడా అని అడిగారా అంటే, అడిగానని, ఏమీ లేవని చెప్పాడని జవాబు.

ఫోన్ పెట్టేశాక కూడా ఆమె మనసు కుదుటపడలేదు. ఆ మొత్తాన్ని ఏదో కిందికి తొక్కిపట్టి ఉంటే? అలా తొక్కే మందు ఒకటుంది. ప్రొస్టేట్ వాపు తగ్గడానికి ఇస్తారు. అది వాడితే అంకె దాదాపు సగానికి పడిపోతుంది, శాతం మాత్రం మారదు. అదే మందును చిన్న మోతాదులో ఇంకో పనికీ ఇస్తారు.

జుట్టు రాలకుండా.

ఆమె బ్యాగు అందుకుని మెట్లు దిగింది.

బావకు జుట్టు నూనె దుకాణం ఉంది. సరుకుకు సాక్ష్యం ఆయన తలే. ఏడాది కిందట నడినెత్తిన చర్మం తళతళలాడేది. ఇప్పుడక్కడ దువ్వెన ఇరుక్కుంటోంది. నూనె కాచేది అక్క. బట్టతల వాళ్లంతా ఆ దుకాణం ముందే వరస కడుతున్నారు.

ఆమె వెళ్లేసరికి బావ కౌంటరు మీదికి వంగి, ఒక కొనుగోలుదారుకు తల అప్పగించి ఉన్నాడు.

"లాగండి సార్, మొహమాటపడకండి. విగ్గయితే మీ చేతికొస్తుంది, నేనైతే మీ మీదికొస్తాను."

"బావా, ఒకసారి లోపలికి రండి."

"డాక్టరు మరదలు పిలిచిందంటే రక్తం తాగడానికే," అని ఆ పెద్దమనిషికి కన్నుకొట్టి, ఆమె వెనకే సరుకు గదిలోకి వచ్చాడు.

ఆమె తలుపు మూసింది. "జుట్టుకు ఏం మాత్ర వేసుకుంటున్నారు?"

"మాత్రేమిటి? మీ అక్క చేతి మహిమ."

"మీ రక్తం చూసి అడుగుతున్నాను బావా."

గోడ అవతల వంటగదిలో నూనె కాస్తున్న అక్క గరిటె చప్పుడు వినిపిస్తోంది. బావ అటు చూసి గొంతు తగ్గించాడు. నూనె తన తల మీద గడ్డి కూడా మొలిపించలేదన్నాడు. ఆవిడ టీచరు ఉద్యోగం మానుకుని పొయ్యి ముందు నిలబడింది, పని చేయలేదని ఏ నోటితో చెప్పాలన్నాడు. అందుకే పోయినేడాది పరీక్ష అయ్యాక, తనను ఎరగని మందుల షాపు వెతుక్కుని అప్పట్నుంచీ ఆ మాత్రలు మింగుతున్నాడు.

"అయితే మీ అంకె సగానికి పడిపోవాలి. పడలేదు. అంటే అసలుది ఏడు దాటింది. ఏడాదిలో రెట్టింపైంది."

బావ బేరం మొదలెట్టాడు. మాత్రలు ఇవాళే మానేస్తానన్నాడు. ఆర్నెల్లాగి చూద్దామన్నాడు. డాక్టరుకు ఆమే చెప్పేస్తే అక్క దాకా వెళ్లకుండా పోతుందన్నాడు.

"లోపల ఉన్నది ఆర్నెల్లు ఆగుతానని మీకు మాటిచ్చిందా? డాక్టరుకు ఇప్పుడే చెబుతాను. రేపు ఆపరేషనంటూ వస్తే ఆ గది బయట కూర్చునేది అక్క. ఎందుకు కూర్చుందో తనకు తెలియొద్దా?"

"చెప్తే పొయ్యి ఆర్పేస్తుందే."

"ఆర్పనివ్వండి. నూనెకు ఇంకో తల దొరుకుతుంది. అక్కకు మీరు దొరకరు."

ఆయన తనే వంటగదిలోకి నడిచాడు. తలవంచుకుని, మాత్రలూ భయమూ ఒకే ఊపులో కక్కేశాడు. అక్క పొయ్యి కట్టేసింది, కొంగుకు చేతులు తుడుచుకుంది.

"డాక్టరుగారు ఇవాళ ఎప్పటిదాకా ఉంటారు?" చెల్లెలిని అడిగిందామె.

బయటికొచ్చి, జుట్టు లాగి చూసిన పెద్దమనిషితో ఇది మాత్రల జుట్టని చెప్పేసింది. నూనె మెరుపుకే తప్ప మొలకకు కాదని కూడా చెప్పి షట్టరు దించింది.

మాత్రల సంగతి వినగానే యూరాలజీ డాక్టరు ముఖం మారింది. పాత చీటీ పక్కన పడేసి ఎంఆర్‌ఐ రాశాడు. అందులో గ్రంథికి ఒక పక్కన మచ్చ కనిపించింది. అక్కడి నుంచి తీసిన ముక్కలు ల్యాబుకు వచ్చాయి. సొంతవాళ్లవి కాబట్టి తన కన్ను ఒక్కదాన్నే నమ్మకుండా, ఆమె వాటిని ఇంకో డాక్టరు చేత కూడా చూపించింది. ఇద్దరూ ఒకటే రాశారు.

ఆ సాయంత్రం యూరాలజీ డాక్టరు గదిలో ముగ్గురూ కూర్చున్నారు. క్యాన్సరేనని, కానీ గ్రంథి దాటి బయటికి పోయినట్టు లేదని, ఇప్పుడే తీసేస్తే నయమయ్యే అవకాశం బాగా ఉందని అతను చెప్పాడు. ఆర్నెల్లాగి ఉంటే ఈ మాట చెప్పగలిగేవాణ్నో లేదో అని కూడా అన్నాడు.

ఇంటికెళ్లి నాలుగు రోజులు ఆలోచించుకుంటానని బావ గొణిగాడు.

అక్క కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఆయన ఆలోచించుకుంటూ ఉంటారులెండి డాక్టరుగారూ. మీరు తేదీ చెప్పండి."