స్కోరు ముందు చెప్పకూడదు

మూడో బోనఫైడ్ సర్టిఫికెట్ మీద స్కూలు ముద్ర వేయబోతూ ప్రేమమణి గోడ గడియారం వైపు చూసింది. పన్నెండు ముప్పావు. ముద్ర కొంచెం వంకరగా పడింది. ముప్పై ఒక్కేళ్ళ ఉద్యోగంలో ఆమె చేతికింద ముద్ర వంకరపోవడం ఇది నాలుగోసారి. మొదటి మూడూ కిందటి వారంలోవే.

యాభై అయిదేళ్ళ మనిషి. పొట్టి. అంచు ఉందో లేదో వెతుక్కోవలసిన తెల్లటి నూలుచీర, నూనె పెట్టి వెనక్కి బిగించిన ముడి, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు. కుడిచేతి చూపుడువేలు ముద్ర సిరాకి శాశ్వతంగా ఊదారంగు తిరిగిపోయింది. స్కూల్లో ఆమె గురించి ఎవర్ని అడిగినా "ఆఫీసులో ఉంటారు కదా, ఆవిడ" అంటారు. అంతకుమించి చెప్పడానికి ఎవరికీ ఏమీ తోచదు.

సగం రోజు సెలవుచీటీలో 'సొంత పని మీద' అని రాసింది. ప్రిన్సిపాల్ ఎలీనా మేడం చీటీ చదివి, మెడ పక్కకి వాల్చి, జాలిగా అడిగింది.

"సారుకి డయాలసిస్సా అమ్మా?"

ప్రేమమణి దగ్గింది. చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి అబద్ధం ఆడకూడదు. నిజం చెబితే, మధ్యాహ్నం మూడున్నరకి బార్లో కామెరూన్‌కీ సెర్బియాకీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది, నేను వెళ్ళాలి, అని చెప్పాలి. దగ్గే మేలు.

రెజిమెంటల్ బజార్లో బకెట్లు, చాపలు అమ్మే కొట్ల వెనక సందులో వాళ్ళ రెండు గదుల వాటా. పక్క వాటా సీతారత్నం, ప్రేమమణి భర్త యెషయా మంచం దగ్గర కూర్చుని మెంతికూర ఒలుస్తోంది. ప్రేమమణిని చూసి, పెదవి కదపకుండా, పొద్దుటికంటే ఆయాసం ఎక్కువగా ఉందని కళ్ళతోనే చెప్పి, కూర మూట కట్టుకుని లేచింది.

యెషయా దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. ఒకప్పుడు తాటిచెట్టెక్కినంత సులువుగా కరెంటు స్తంభాలెక్కిన మనిషి. డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేరి లైన్‌మన్‌గానే రిటైరయ్యాడు. ఇప్పుడు పిక్కలు కరిగిపోయాయి, పాదాలు మాత్రం ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. చక్కెర జబ్బు రెండేళ్ళ కిందట చూపు తీసుకుంది, ఆ తర్వాత కిడ్నీల మీద పడింది. శనివారంనాడు డాక్టరు ప్రేమమణిని పక్కకి పిలిచాడు. "ఇక డయాలసిస్‌కి గుండె తట్టుకోదమ్మా. ఇంటికి తీసుకెళ్ళండి. వారమో, ఇంకా తక్కువో. ఆయనకేది ఇష్టమో అది చేయండి." పక్కకి అంటే రెండడుగులు. "గుడ్డోణ్ణి గని చెవిటోణ్ణి కాదు డాక్టర్ సాబ్" అన్నాడు యెషయా మంచం మీంచి. "నాకిష్టమైంది సోమవారం మూడున్నరకున్నది."

"ప్రేమా, ఒచ్చినవా? టైమెంతైంది?"

"ఒకటిన్నరండీ."

"అన్నం తిని పో. మల్ల ఆడ పల్లీలు తిని కడుపునొప్పంటవ్."

ఆమె మంచం అంచున కూర్చుంది. "ఇవాళ వెళ్ళనండీ. ఫోన్లో పెట్టుకుని మీ పక్కనే కూర్చుని చెప్తాను. ఏదయితేనేం, అదే ఆట కదా."

"అదే ఆటెట్లయితది? ఫోన్ల సూసి చెప్తే వార్త. బార్ల నా కుర్చీల కూసొని, సూసొచ్చి చెప్తే మ్యాచ్. రాఘవేందర్‌గాడు ఏం కూసిండు, సదాశివ మొఖం ఎట్ల పెట్టిండు, గదంత ఫోన్ల ఒస్తదా?" అంతా ఒక్క గుక్కలో అనేసరికి ఊపిరి అందక కాసేపు ఆగాడు.

"మీకేమన్నా అయితే?"

"కామెరూన్ మ్యాచ్ ఇనకుంట నేనేడికి పోతనే?"

కామెరూన్‌తో ఆమెకి పాత లెక్క ఉంది. పందొమ్మిది వందల తొంభై జూన్‌లో బాపట్ల నుంచి కొత్తకోడలిగా సికింద్రాబాదు వచ్చిన మూడో సాయంత్రం పెళ్ళికొడుకు మాయమయ్యాడు. ఎక్కడికెళ్ళాడని అడిగితే ఆడపడుచు నవ్వుతూ "కామెరూన్ కోసం పోయిండు వదినా" అంది. పక్కింటి ముసలావిడ పేరు కమరున్నీసా అని ఆ పొద్దునే విని ఉన్న ప్రేమమణికి ఆ ముక్క 'కమరున్' అని, ఎవరో ఆడమనిషి పేరులా వినబడింది. ఎవరామె, ఎన్నాళ్ళుగా, అని ఏడుస్తూ పెట్టె సర్దుకుంది. యెషయా బార్ నుంచి వచ్చి, తొమ్మిదిమంది మిగిలి కూడా ప్రపంచ ఛాంపియన్లని ఓడించారని గుమ్మంలోంచే మొదలుపెట్టాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ప్రతి ప్రపంచకప్పుకీ అదే తంతు. ఆయన బార్లో చూసి వచ్చి, నిద్ర నటిస్తున్న భార్య వీపుకి మొత్తం ఆట చెప్పేవాడు. తాగడు. సోడా తాగి వస్తాడు. అయినా బార్ బారే కదా అని ఆమె ఎనిమిది ప్రపంచకప్పుల్లో ఒక్క 'ఊ' కూడా కొట్టలేదు.

ఆయన చూపు పోయాక వచ్చిన ఈ కప్పులో ఆమె చూసొచ్చి చెబుతుంది, ఆయన ఊ కొడతాడు. షరతు ఒక్కటే. స్కోరు ముందు చెప్పకూడదు. "ముందుగాలనే చెప్తే ఇగ నాకేం మిగుల్తది?" అంటాడు. ఆట ఎలా నడిచిందో అలాగే నడిపించాలి.

సీతారత్నాన్ని మళ్ళీ కూర్చోబెట్టి, టీవీ పెట్టొద్దని చెప్పి, మూడుంపావుకి బయల్దేరింది.

సదాశివ బార్ సందు మలుపులోనే ఉంది. కిందటి వారం, మొదటిరోజు ఆమె లోపలికి అడుగుపెట్టినప్పుడు నాలుగు బల్లల మీద గ్లాసులు ఒక్కసారిగా బల్లల కిందికి వెళ్ళిపోయాయి. తెల్లచీర, చంకలో బైబిలు సంచీ. కరపత్రాలు పంచడానికి వచ్చిందనుకున్నారు. ఆమె స్తంభం పక్కన భర్త కుర్చీ ఏదో అడిగి తెలుసుకుని, ఉప్పు వేసిన నిమ్మకాయ సోడా చెప్పి, కళ్ళజోడు తుడుచుకుంది. ఆరోజు ఎవరో గోలు కొట్టగానే, ఏమని అరవాలో తెలియక, నోటికి అలవాటైనది అరిచింది. "స్తోత్రం!" బార్ అంతా వెనక్కి తిరిగి చూసింది. మర్నాటి నుంచి అందరూ అదే అరవడం మొదలుపెట్టారు. గీత దగ్గర జెండా పట్టుకుని పరిగెత్తేవాడెవడని అడిగిందీ ఆరోజే. బోయిన్‌పల్లి మార్కెట్లో టమాటాల వ్యాపారి రాఘవేందర్, భర్త నేస్తం, "లైన్‌మన్ వదినా" అన్నాడు. "అక్కడా కరెంటు పోతుందా?" అంది. ఆ సంగతి ఇంట్లో చెబితే యెషయా కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వాడు. అప్పట్నుంచీ జెండావాళ్ళంతా 'మీ డిపార్ట్‌మెంటోళ్ళు' అయిపోయారు.

భర్త కోసం వెళ్తున్నానని ఆమె ఇంకా అనుకుంటూనే ఉంది. కానీ నిన్న ఆదివారం ఆరాధనలో, పాస్టరుగారు ముందు వరుసవాళ్ళని దాటి పక్కకి వచ్చి నిలబడితే, ఆమె మనసులో ముందుగా మెదిలిన మాట ఆఫ్‌సైడ్.

"అన్నకెట్లున్నది వదినా?" రాఘవేందర్ కుర్చీ తుడిచిపెట్టాడు.

"కామెరూన్ కావాలంటున్నారు."

"గురువారం స్విట్జర్లాండ్ మీద ఓడిండ్రు కద. ఇయ్యాల సుత పోతే ఇగ బస్సెక్కుడే." ఆమె మొహం చూసి నాలుక కరుచుకున్నాడు. సదాశివ కౌంటర్ వెనకనుంచి, అడక్కుండానే, సోడా పంపాడు.

చర్చి కానుక కవరు ఖాళీది ఒకటి సంచీలోంచి తీసి, వెనకవైపు నిమిషాలు రాసుకోవడానికి సిద్ధంగా పెట్టుకుంది. ఇరవైతొమ్మిదో నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతిని గోలు ముందే నిలబడ్డ కామెరూన్‌వాడు లోపలికి తోశాడు. స్తోత్రం! కానీ హాఫ్‌టైంకి ముందు, అదనపు నిమిషాల్లో, సెర్బియా వెంటవెంటనే రెండు కొట్టింది. విరామం తర్వాత కాసేపటికే మూడోది. మూడు ఒకటి. ప్రేమమణి పెన్ను కవరు మీద ఆగిపోయింది. ఇది ఎలా మోసుకెళ్ళను ఆయన దగ్గరికి?

"నాతోని కాదు వదినా, నేను సూడ" అని రాఘవేందర్ లేచి బాత్రూంకి వెళ్ళాడు.

అతను లోపల ఉండగానే ఆట మారిపోయింది. బెంచీ మీంచి కొత్తగా దిగిన కామెరూన్‌వాడు ఒంటరిగా దూసుకెళ్ళి, గోల్‌కీపర్ తలమీంచి బంతిని, పిల్లల తలమీంచి దుప్పటి కప్పినంత మెత్తగా, ఎగరేశాడు. బంతి లోపల పడింది. పక్కన జెండా లేచింది. ఆఫ్‌సైడ్! బంతి అందకముందే అందర్నీ దాటి నిలబడ్డాడట, గోలు చెల్లదు. బార్ అంతా ఉసూరుమంది. ఆమె మాత్రం కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. కళ్ళు తెరిచేసరికి టీవీలో గీతలు గీసి మళ్ళీ చూపిస్తున్నారు. ఆఫ్‌సైడ్ కాదు. గోలే. లైన్‌మన్‌ది పొరపాటు. ఆమెకి నవ్వు తన్నుకొచ్చింది. మీ డిపార్ట్‌మెంటోడేనండీ, సరిగ్గా ఉన్న లైను కట్ చేశాడు! ఈ మాట ఎలా అనాలో, ఎక్కడ ఆగాలో అప్పుడే అనుకుంది. అనుకుంటుండగానే, అతనే పరుగున వెళ్ళి అందించిన బంతిని ఇంకొకడు లోపలికి కొట్టాడు. మూడు మూడు. సదాశివ, ఎప్పుడూ మొహం కదలనివాడు, కౌంటర్ మీద అరచేత్తో చరిచి "స్తోత్రం!" అన్నాడు.

రాఘవేందర్ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి టీవీ చూశాడు. "గిదేం స్కోరు? టీవీ ఖరాబైందా?"

ఆట అలాగే ముగిసింది. "శుక్రవారం రాత్రి బ్రెజిల్ తోని. ఇంక ఛాన్సున్నదని అన్నకి చెప్పు వదినా" అన్నాడు సాగనంపుతూ. "నేను బాత్రూంకి పోయిన ముచ్చట మాత్రం చెప్పకు."

"అదే ముందు చెప్తాను" అంది.

దారిపొడుగునా ఒక్కతే నవ్వుకుంటూ వేగంగా నడిచింది. ఎదురొచ్చిన, చర్చి కోరస్‌లో పాడే ఆలిస్ పలకరిస్తే ఆగలేదు. నోట్లో పోసుకున్న నీళ్ళలా కథని ఒలక్కుండా పట్టుకుని గుమ్మం దాటింది.

సీతారత్నం వెళ్ళిపోయింది. వీధి దీపాలు ఇంకా వెలగలేదు. యెషయా మొహం గుమ్మంవైపే ఉంది.

"నీ నడకల గెలిసిండ్రో ఓడిండ్రో ఏం తెలుస్తలేదే" అన్నాడు. గొంతు బాగా సన్నబడింది. "షురూ చెయ్."

ఆమె మొదలుపెట్టింది. రాఘవేందర్ కుర్చీ తుడిచిన సంగతి, సదాశివ సోడా. ఊ. మొదటి గోలు. ఊ, ఈసారి గట్టిగా. తర్వాత రెండు దెబ్బలు. ఊ లేదు, నిట్టూర్పు. "హాఫ్‌టైమండీ" అని ఆమె లేచి, పాలు పొయ్యి మీద పెట్టొచ్చి, బత్తాయి ఒలిచింది. హాఫ్‌టైంలో బత్తాయి ఉండాలని డిపార్ట్‌మెంటు జట్టులో ఆడిన రోజులనుంచీ ఆయన నమ్మకం. ఇన్నాళ్ళూ కిడ్నీలకి పడదని ఆమె వాసన మాత్రం చూపించేది. డాక్టరు ఇష్టమైంది పెట్టమన్నాడు కాబట్టి ఇవాళ నిజంగా ఇచ్చింది. మొదటి తొన ఆయన చాలాసేపు చప్పరించాడు. "తియ్యగున్నదే" అన్నాడు. రెండోది చేతిలో పెట్టి, మూడో గోలు చెప్పింది.

"మూడు ఒకటా?"

"మూడు ఒకటండీ."

"అయిపాయె తియ్." మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఓడిపోలేదండీ, అనే మాట ఆమె నాలుక చివరికి వచ్చింది. ఆగింది. షరతు షరతే. పైగా, ఎనిమిది కప్పులు గోడవైపు తిరిగి పడుకున్నది తను. ఒక్క రెండు నిమిషాలు ఆయన్నీ అలా ఉండనిస్తే తప్పేముంది? కథ బాగా చెప్పేవాళ్ళు సరిగ్గా ఇక్కడే ఆగుతారని ఆయనే నేర్పాడు.

"ఉండండి, పొయ్యి మీద పాలు" అంటూ లేచి వంటింట్లోకి వెళ్ళింది. పాలు ఇంకా పొంగలేదు. పొంగేదాకా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వు ఆపుకుంటూ నిలబడింది.

వచ్చి కూర్చుంది. "కొత్తవాడొకడు దిగాడండీ." ఊ లేదు. అలకే అనుకుంది. "మీ రాఘవేందర్ బాత్రూంలో ఉన్నాడు. వీడు ఒక్కడే దూసుకెళ్ళి, కీపర్ తలమీంచి మెత్తగా వేశాడు. గోలు! ఇంతలో పక్కన జెండా లేచింది. ఎవరనుకున్నారు? మీ డిపార్ట్‌మెంటోడే. సరిగ్గా ఉన్న లైను కట్ చేసేశాడు!"

ఈ మాటకి ఆయన నవ్వాలి.

ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. వంగి భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి అలాగే ఉంచి, పాల గిన్నె చల్లబడుతున్న చప్పుళ్ళు వింటూ, కొంతసేపు కూర్చుంది. సీతారత్నాన్ని పిలవాలి. పాస్టరుగారికి ఫోను చెయ్యాలి. తర్వాత.

"అది ఆఫ్‌సైడ్ కాదండీ" అంది. టీవీలో గీసిన గీతలు చెప్పింది. ఆ వెంటనే వచ్చిన గోలు, సదాశివ కౌంటర్ చరచడం, రాఘవేందర్ తడిచేతులతో వచ్చి టీవీని తిట్టడం, ఏదీ వదలకుండా, ఏదీ ముందుకి జరపకుండా, ఆఖరి విజిలు దాకా చెప్పింది. ప్రతి ముక్క దగ్గరా, ఒక ఊ పట్టేంత, ఆగింది.

"మూడు మూడండీ. మీ కమరున్నీసా ఓడిపోలేదు."

వీధి దీపం వెలిగి కిటికీలోంచి మంచం మీద పడింది. యెషయా ఎడమ అరచేతిలో రెండో బత్తాయి తొన, పైపొర ఒలిచి, గింజ తీసి, ఆమె పెట్టింది పెట్టినట్టే ఉంది.